మీటరాయనా మొరగని కుక్కా

ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల అంకెలు రాసుకొచ్చే ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆయన్ని రెండు కుక్కలు కరిచాయి. ఒకటి పిక్క పట్టుకుంది. రెండోది కరిచిన చోటు డాక్టరుకూ భార్యకూ తప్ప ఇంకెవరికీ చూపించడానికి వీల్లేనిది. ఏడాది తిరిగేసరికి కాట్లు ఐదయ్యాయి. అప్పట్లో బొడ్డు చుట్టూ సూదులు పొడిచేవాళ్ళు. ఆసుపత్రిలో నర్సమ్మ ఆయన పేరు అడగడం ఎప్పుడో మానేసి, "ఈసారి ఎక్కడ?" అని మాత్రం అడిగేది.

ఈ ఉద్యోగం నా వల్ల కాదని ఆయన అనుకున్న మాట నిజం. ఆ సంగతి చెబితే మామగారు కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"అల్లుడుగారూ, కుక్కలకు భయపడి మానేశారంటే నలుగురిలో నా తల ఎక్కడ పెట్టుకోను? పై అధికారితో తగాదా పెట్టుకుని మానేయండి, అందులో కొంత గౌరవం ఉంది."

ఆయన స్వభావానికి తగాదా పెట్టుకోవడం కంటే కుక్కకాటే తేలిక. అందుకని మూడో దారి పట్టాడు. కుక్కల భాష నేర్చుకున్నాడు.

వినడానికి నవ్వులాటలా ఉంటుంది గానీ ఆయన దాన్ని పరీక్షకు చదివినట్టే చదివాడు. గేటు గడియను పెన్నుతో మూడుసార్లు కొట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఊపిరి తిప్పుకోకుండా గబగబా మొరిగితే అది పిరికిది, దాని దారి దానికి వదిలితే చాలు. రెండు మొరిగి, ఆగి, మళ్ళీ రెండు మొరిగితే ఇంట్లోవాళ్ళని పిలుస్తోందని అర్థం, వాళ్ళొచ్చేదాకా ఆగాలి. కీచుగా సాగదీస్తే ఆటకు పిలుపు, ప్యాంటు మురికవుతుంది గానీ ప్రాణానికి ఢోకా లేదు. మొరుగు కాస్తా కిందికి దిగి గొంతులో బండి ఇంజనులా గురగురమంటే మాత్రం, పుస్తకంలో 'తలుపు తాళం' అని రాసేసి పక్కింటికి వెళ్ళిపోవాలి.

ఆ తరవాత ఇరవై నాలుగేళ్ళు ఒక్క పన్ను ఆయన ఒంటికి తగల్లేదు. కొత్తగా చేరిన వాళ్ళని ఆఫీసువాళ్ళు ముందు ఆయన దగ్గరికే పంపేవాళ్ళు. ఊళ్ళో అందరికీ ఆయన మీటరాయన. ఆఫీసులో మాత్రం పండితుడుగారు. ఆ మాటలో వెటకారం సగమే ఉండేది.

ఇంట్లో ఆ పాండిత్యానికి అంత విలువ లేదు.

"ఏమండీ, రెండు వీధుల అవతల కుక్క ఏమంటోందో చెప్పేస్తారు కదా. వంటింట్లోంచి నేనేమంటున్నానో మీకెందుకు తెలీదు?" అని భార్య ఓసారి అడిగింది.

"కుక్క ఒక మాటే చెబుతుందే," అన్నాడు మీటరాయన.

ఆ పూట కాఫీ రాలేదు.

ఆయన తిరిగే వీధుల్లో ఒక సందు చివర చాలాకాలంగా మూతపడిన ఇల్లొకటి ఉంది. ఒక నెల వెళ్ళేసరికి కిటికీలకు తెరలు కనిపించాయి. అలవాటు ప్రకారం గడియ మూడుసార్లు కొట్టి కళ్ళు మూసుకున్నాడు. చడీచప్పుడూ లేదు. మళ్ళీ కొట్టాడు. ఎక్కడో కుళాయి బొట్లు బొట్లుగా కారుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. కుక్క లేని ఇల్లు, హాయి అనుకుని లోపలికి నడిచాడు.

మీటరు పెట్టె ఇంటి పక్కన మెట్ల కింద ఉంది. గొంతుక్కూర్చుంటే గానీ కనపడదు. సాలెగూడు చీపురుపుల్లతో తీసి, అద్దం మీద దుమ్ము గుడ్డతో తుడిచి, టార్చి వేసి అంకెలు పైకే చదవడం మొదలుపెట్టాడు. నాలుగు, ఏడు, మళ్ళీ ఏడు. మూడో అంకె దగ్గర కుడి చెవికి వెచ్చగా ఊపిరి తగిలింది.

మెల్లిగా తల తిప్పాడు. జానెడు దూరంలో ఒక మొహం. గోధుమరంగు బొచ్చు, నిక్కపొడుచుకున్న చెవులు, తీరని చిక్కేదో వచ్చిపడినట్టు నుదుటి నిండా ముడతలు. ఆ కుక్క ఆయన్ని చూడటం లేదు. ఆయనంత శ్రద్ధగానూ మీటరునే చూస్తోంది.

మొరిగే కుక్క కరవదు, కరిచే కుక్క మొరగదు అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ సామెతలో మొదటి సగం మీద ఆయన ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగం నిలబడి ఉంది. రెండో సగం ఇప్పుడు పక్కన కూర్చుని ఉంది.

లేచి, దాని మీంచి చూపు తిప్పకుండా వెనక్కి అడుగు వేశాడు. ఇంకొక అడుగు. మూడో అడుగుకు బట్టలు నానబెట్టిన తొట్టి మోకాళ్ళ వెనక తగిలింది. సబ్బునీళ్ళలో కూర్చుండిపోయాడు. బిల్లు కొట్టే చేతి మిషన్ని మాత్రం నెత్తి మీదికి ఎత్తిపట్టుకున్నాడు, అది ప్రభుత్వానిది కాబట్టి.

కుక్క దగ్గరకు వచ్చి తొట్టిలోకి తొంగిచూసింది. కిందపడ్డ నీళ్ళు కాలికి తగలగానే ఆ కాలు విదిలించి, గొంతు సాగదీసి ఒక శబ్దం చేసింది. మొరుగు కాదు, మూలుగు కాదు, ఏడుపు కాదు. జలుబు చేసిన సంగీతం మాస్టారు పాఠం ఆపకూడదని పంతం పట్టి రాగం తీస్తే అలా ఉంటుంది.

ఆ శబ్దానికి ఇంట్లోంచి ఒకావిడ బయటికొచ్చింది. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి, వేళ్ళకు నీలం రంగు అంటుకుని ఉంది.

"అయ్యో, దాన్ని చూసి పడ్డారా బాబూ?"

"పడలేదమ్మా, కూర్చున్నాను," అన్నాడు మీటరాయన. "కుక్క ఉందని గేటుకు బోర్డు పెట్టాలి కదా."

"పాత ఇంట్లో పెట్టాను. మొరగలేదు కదా, బోర్డు ఉత్తదే అనుకుని లోపలికొచ్చేవాళ్ళు. మీకంటే ముందు ఇద్దరు పడ్డారు. లేవండి, తువ్వాలు ఇస్తాను."

తువ్వాలుతో పాటు టీ కూడా ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు మ్యూజియంలో పనిచేసిందట. పాత గోడల మీద చెరిగిపోతున్న బొమ్మలను చూసి కాగితం మీదికి ఎత్తిరాయడం ఆవిడ పని. అక్కడ అందరూ బొమ్మలమ్మ అనేవాళ్ళట. కుక్కను స్నేహితురాలు ఇచ్చింది. దాన్ని మౌని అని పిలుస్తుంది. పిలుస్తుందే గానీ పలుకుతుందన్న ఆశ లేదు.

"మూగదా?" అన్నాడు మీటరాయన, జాలి కంటే ఆశ ఎక్కువగా.

"కాదు. వీటి జాతే అంత. బసెన్జీ అంటారు. గొంతు అమరికే వేరు. మొరుగు రాదు, ఇందాక మీరు విన్న రాగం వస్తుంది."

బీరువాలోంచి ఒక పెద్ద కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఈజిప్టులో నాలుగు వేల ఏళ్ళ నాటి సమాధి గోడ మీది బొమ్మకు ఆవిడ రాసిన నకలు. ఒక పెద్దమనిషి కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. కుర్చీ కింద ఒక కుక్క. నిక్కిన చెవులు, సన్నటి నడుము, వీపు మీదికి జిలేబీలా చుట్టుకున్న తోక. మీటరాయన బొమ్మనూ బల్ల కింద ఉన్న మౌనినీ మార్చి మార్చి చూశాడు.

"ఇదేనా అది?"

"ఇదే అని ఒట్టేసి చెప్పలేను. ఆ సంగతి మీద చదువుకున్నవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు. కుక్క జాతుల్లో బాగా పాత కొమ్మ అని మాత్రం ఒప్పుకుంటారు. చెవులు చూడండి, తోక చూడండి."

"కుక్క తోక వంకర పోదని ఊరికే అనలేదన్నమాట. నాలుగు వేల ఏళ్ళకీ పోలేదు," అన్నాడాయన.

బొమ్మలమ్మ నవ్వింది. మీటరాయనకు సబ్బునీళ్ళ అవమానం కొంచెం ఆరింది.

ఆవిడ ఇంకా చాలా చెప్పింది. నడి ఆఫ్రికాలో, కాంగో అడవుల్లో వేటగాళ్ళు వీటిని వేటకు తీసుకెళ్ళేవాళ్ళట. మొరగదు కాబట్టి గుబురుల్లోకి దూరితే ఎక్కడుందో తెలీదు, అందుకని మెడకు గంట కట్టేవాళ్ళట. జంతువులను తరిమి వలల్లోకి తోలడం వీటి పని. ఐరోపావాళ్ళు మొదట్లో తీసుకెళ్ళినవి జబ్బు చేసి చనిపోయాయి, పోయిన శతాబ్దంలో గానీ అక్కడ నిలదొక్కుకోలేదు. పిల్లిలా ఒళ్ళంతా నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. కుక్క వాసన రాదు. నీళ్ళంటే గిట్టదు. చినుకు పడితే గడప దాటదు.

మీటరాయన అంతా విని, తన మనసులో మాట అడిగాడు.

"మరి దీనికి కోపం వచ్చిందని తెలిసేదెట్లా అమ్మా?"

"మూడేళ్ళ నుంచి చూస్తున్నాను. నాకింకా తెలీలేదు," అంది బొమ్మలమ్మ.

తడి ప్యాంటుతో ఇంటికి చేరాడు. భార్య కిందనుంచి పైదాకా చూసింది.

"ఏమైంది?"

"వాన."

ఆవిడ గుమ్మంలోంచి మిలమిల మెరుస్తున్న ఆకాశాన్ని చూసింది. "ఎక్కడ?"

"ఒకళ్ళ ఇంట్లో," అన్నాడాయన, ఇక దాచలేక.

ఇంట్లో దాగనిది ఆఫీసులో దాగుతుందా. రెండో రోజుకే గుమాస్తా కుర్చీ తిప్పి, "పండితుడుగారూ, మౌనభాష కూడా పాఠాల్లో చేర్చారా?" అన్నాడు. ఇంకొకాయన తువ్వాలు ఇవ్వబోయాడు. మీటరాయన నవ్వినట్టు పెదవులు కదిపాడు గానీ లోపల ఉడికిపోయాడు. తెలిసిన భాషలో ఎవరైనా తిడితే సహించవచ్చు. తెలియని భాష ఒకటుందని తెలియడమే ఆయనకు కష్టంగా ఉంది.

తరవాతి నెల నుంచి ఆ ఇంటిని అన్నిటికంటే చివర పెట్టుకున్నాడు. తీరిగ్గా కూర్చుని మౌనిని చదవడానికి ప్రయత్నించాడు. నుదుటి ముడతలు ఎక్కువైతే కోపమని పుస్తకంలో రాసుకున్నాడు. ఆ ముడతలు ఆయన జేబులో బిస్కెట్టు కోసమని మరుసటి నెల కొట్టేశాడు. తోక చుట్టు బిగిస్తే సంతోషమని రాశాడు. అదే బిగువు తోకతో మౌని ఆయన పెన్ను నోట కరుచుకుని మేడమెట్లెక్కింది. ఇంకో నెల టోపీ పోయింది. ఆపై నెల మిషన్లోంచి బిల్లు కాగితం బయటికి వస్తూ ఉండగానే, రెండో కొస నుంచి అది నమలడం మొదలుపెట్టింది.

"మీరంటే ఇష్టం దానికి," అంది బొమ్మలమ్మ.

"ఎట్లా చెప్పగలరు?"

"నా వస్తువులు ఒక్కటీ ఎత్తుకెళ్ళదు."

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున ఆవిడ ఫోన్ చేసింది.

"బాబూ, మౌని వెళ్ళిపోయింది. పెరటి వల కంచెను నిచ్చెన ఎక్కినట్టు ఎక్కి అటు దూకేసింది. దాని వెనక పరిగెత్తబోయి కాలు మడత పడింది, లేవలేకపోతున్నాను. పిలిస్తే పలకదు, ఎక్కడుందో మొరిగి చెప్పదు. ఈ వీధుల్లో ప్రతి ఇంటి పెరడూ తెలిసినవారు మీరొక్కరే."

మీటరాయన చొక్కా తొడుక్కుంటుంటే భార్య గొడుగు పట్టుకుని చెప్పులేసుకుంది.

"నువ్వెందుకు?"

"మిమ్మల్ని తొట్టిలో కూర్చోబెట్టిన కుక్కను నేను చూడొద్దా?"

సందు మొదట్లో ఆయన నిలబడి కళ్ళు మూసుకున్నాడు. మొరగని కుక్కను చెవులతో వెతకడమేమిటని భార్య అడిగింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు. మౌని మొరగదు సరే. దాన్ని చూసిన కుక్కలు ఊరుకుంటాయా?

"విను. అది రంగుల కొట్టువాళ్ళ ముసలి కుక్క. మనిషిని చూస్తే అది లేవను కూడా లేవదు. ఇప్పుడు లేచి నిలబడి మొరుగుతోంది. కొత్త కుక్క అటు పోయిందన్నమాట."

అటు నడిచారు. రంగుల కొట్టు దాటేసరికి వడ్రంగి ఇంటి జంట కుక్కలు అందుకున్నాయి. అక్కణ్ణుంచి కుడి పక్క టైర్ల షాపు కుక్క. మీటరాయన పరుగందుకున్నాడు. అరమూసిన కళ్ళతో, చెయ్యి పైకెత్తి, "ఎడమ", "ఆగు", "ఇప్పుడు కుడి" అంటూ వెళుతుంటే జనం పళ్ళు తోముకుంటూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. వెనక భార్య, తెరవని గొడుగుతో.

పళ్ళ డాక్టరు ఇంటి వెనక మొరుగులు ఒక్కసారిగా పెరిగాయి. "ఇక్కడే," అని మీటరాయన గోడ పక్క నుంచి దూరి పెరట్లోకి వెళ్ళాడు. డాక్టరుగారి కుక్క ముందుకాళ్ళు చెట్టుకు ఆనించి పైకి మొరుగుతోంది. కొమ్మ మీద ఒక నల్లపిల్లి ఒళ్ళు విరుచుకుంటోంది.

"పండితులవారు పిల్లి దగ్గర తప్పారు," అంది భార్య.

ఆయన జవాబు చెప్పేలోపు వాన అందుకుంది. కుండపోత. నిమిషంలో ఊళ్ళో కుక్కలన్నీ అరుగుల కిందా బండ్ల కిందా దూరి నోళ్ళు మూసుకున్నాయి. మీటరాయన నడివీధిలో తడుస్తూ నిలబడ్డాడు. ఎటు చూసినా వాన చప్పుడే. ఇరవై నాలుగేళ్ళ చదువు వీధి కాలవలో కొట్టుకుపోయినట్టనిపించింది.

"ఏమీ వినపడటం లేదే," అన్నాడు, చిన్నపిల్లవాడిలా.

భార్య గొడుగు ఆయన మీదికి పట్టింది. "వినడం కాసేపు మానేసి ఆలోచించండి. నీళ్ళంటే దానికి గిట్టదని మీరే చెప్పారు కదా. వాన వస్తుందని మనకంటే ముందు దానికే తెలిసి ఉంటుంది. తడి లేకుండా, వెచ్చగా ఉండే చోటు చూసుకుని ఉంటుంది. ఈ చుట్టుపక్కల పొద్దున్నే వెచ్చగా ఉండేది ఏముంది?"

ఆయన ఆలోచిస్తుండగానే ఆవిడ చెప్పేసింది. "ఇస్త్రీ షాపు."

ఇస్త్రీ ఆయన లాడ్జి దుప్పట్లు ముందేసుకుని పెట్టె తోస్తున్నాడు. చిన్న గది, ఆవిరి, రేడియోలో వార్తలు.

"కుక్కా? నా షాపులోనా? పొద్దున్నించి ఇక్కణ్ణుంచి కదల్లేదు సార్, ఈగ వాలినా నాకు తెలుస్తుంది," అన్నాడు.

మీటరాయన అతని భుజం మీంచి వెనక్కి చూశాడు. ఇస్త్రీ అయిన దుప్పట్ల దొంతర మీద, అన్నిటికంటే పైన, మౌని కూర్చుని ఎడమ ముందుకాలు నాక్కుంటోంది. ఆ కాలు పూర్తయ్యాక కుడికాలు ఎత్తింది.

ఇస్త్రీ ఆయన కూడా తిరిగి చూశాడు. పెట్టెను నిలబెట్టి, స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచి ఉంది నా వెనక?"

"దుప్పటి మీద గుంట చూస్తే గంట పైనే," అంది మీటరాయన భార్య. తరవాత మౌని వైపు తిరిగి, "నువ్వేనా? మా ఆయన్ని ముంచింది నువ్వేనా?" అని అడిగింది. మౌని నుదురు ముడిచి, చెవులు ఆవిడ వైపు తిప్పి, ముగ్గురి ముందూ ఒక పొడుగాటి రాగం తీసింది. ఇస్త్రీ ఆయన రేడియో కట్టేశాడు.

దొరికింది గానీ అది రాదే. గుమ్మం దాకా వచ్చి, బయట నీళ్ళు చూసి, నాలుగు కాళ్ళూ నేలకు తన్నిపట్టి నిలబడింది. లాగితే తోలు కదిలింది గానీ కుక్క కదల్లేదు. భార్య మొగుడి వైపు చూసింది.

"ఎత్తుకోండి."

ఇన్నేళ్ళలో ఆయన కుక్కలను విన్నాడు, తప్పించుకున్నాడు, మెప్పించాడు. తనంతట తాను ఒక్క కుక్కనూ ముట్టుకోలేదు. ఐదు కాట్లూ ఒక్కసారి సలిపినట్టనిపించింది. ఇస్త్రీ ఆయన ఇచ్చిన పాత తువ్వాలు పరిచి, పసిబిడ్డను ఎత్తుకునేవాడిలా రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాడు. మౌని ఊరుకుంది. అనుకున్నదాని కంటే తేలిగ్గా ఉంది. గుండె దడదడా కొట్టుకోవడం తెలుస్తోంది, ఎవరిదో మాత్రం తెలీలేదు. నాలుగడుగులు వేశాక గడ్డం ఆయన భుజం మీద ఆనించింది.

భార్య గొడుగు పట్టింది, కుక్కకు. మీటరాయన సగం తడిశాడు. దారిలో మౌని ఆయన చెవిలో ఏదో సన్నగా అంది.

"ఏమంటోంది?" అని భార్య అడిగింది.

"ఏమో," అన్నాడాయన. ఆ మాట అంటూ ఆయన నవ్వడం భార్య చూసింది.

బొమ్మలమ్మ కాలు నయం కావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పొద్దున ఆరింటికి మౌనిని తిప్పడం మీటరాయన వంతైంది. కాలు నయమయ్యాక కూడా ఎవరూ ఆ ఏర్పాటు మార్చే ప్రస్తావన తేలేదు. వాన రోజుల్లో మౌని గుమ్మంలోనే ఆగిపోయేది, ఆయన గొడుగు ముడిచి వెనక్కి వచ్చేవాడు. భార్య అప్పుడప్పుడు వెళ్ళి బొమ్మలమ్మ దగ్గర కూర్చునేది. ఆఫీసులో గుమాస్తా ఒకటి రెండుసార్లు ఆటపట్టించబోయి, ఈయన ఉడకడం లేదని గమనించి మానేశాడు.

కొన్నాళ్ళకు, అంకెలను వాటంతటవే ఆఫీసుకు పంపుకునే కొత్త మీటర్లు వచ్చి, తిరిగే పని పోయింది. ఆయనకు ఒక కుర్చీ ఇచ్చారు. కూర్చుని చేసే పని ఆయనకు వారంలోనే నడుంనొప్పి తెచ్చింది. పదవీ విరమణకు ఇంకా ఏణ్ణర్ధం ఉందనగా బొమ్మలమ్మ కబురు చెప్పింది. కుక్కను ఇచ్చిన స్నేహితురాలి దగ్గర ఇంకో బసెన్జీ కడుపుతో ఉందట. ఈ జాతి మామూలుగా ఏడాదికి ఒక్కసారే ఎదకొస్తుంది, ఇప్పుడు కాదంటే మళ్ళీ వచ్చే ఏడే.

మీటరాయన ఇంటికొచ్చి, భార్యకు ఎలా చెప్పాలా అని అన్నం తింటున్నంతసేపూ నీళ్ళు నమిలాడు. చెయ్యి కడుక్కున్నాక గొంతు సవరించుకున్నాడు.

"ఆడపిల్ల కావాలని చెప్పాను," అంది భార్య. "బొమ్మలమ్మగారు నాకు ముందే చెప్పారు. మీరెప్పుడు అడుగుతారా అని చూస్తున్నా."

పిల్ల రెండు నెలలదయ్యాక ఇంటికి తెచ్చారు. అరచేతులు రెండూ కలిపితే అందులో పట్టేంత ఉంది, అప్పుడే నుదుటి నిండా ముడతలు. నేల మీద దింపితే గదులన్నీ ఒకసారి చూసొచ్చింది. భార్య పాలు గిన్నెలో పోసి తిరిగి చూసేసరికి లేదు. మంచం కింద చూశారు, తలుపుల వెనక చూశారు, పిలిచారు. చివరికి మీటరాయన స్టూలెక్కి చూస్తే, పిల్ల స్టూలు మీంచి బల్ల, బల్ల మీంచి కిటికీ, కిటికీ మీంచి బీరువా పైకి ఎక్కి, పాత పరుపుచుట్ట మీద పడుకుని కిందికి చూస్తోంది. చెయ్యి చాపితే ఇంకా లోపలికి జరిగింది. ఆ మధ్యాహ్నమంతా మొగుడూ పెళ్ళాలిద్దరూ కింద నిలబడి వంతులవారీగా బతిమాలారు. నాలుగున్నరకు ఆకలేసి, ఎక్కిన దారినే దిగి పాలు తాగింది.